కల్లం దగ్గర తెగిన లెక్క: ఊరి చేతివృత్తులు ఎందుకు చెదిరిపోయాయి?

ఊరి చేతివృత్తుల మాట వస్తే మన దగ్గర రెండు కథలు సిద్ధంగా ఉంటాయి. పూర్వం ప్రతి ఊరూ తనకు కావలసినవన్నీ తానే చేసుకునేదని, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి అందరూ ఒకే ఇంటివాళ్ళలా బతికేవారని మొదటి కథ. యంత్రాలు వచ్చాయి, వృత్తులు పోయాయి అన్నది రెండోది. సభల్లో, పత్రికల్లో, బడిపిల్లల వ్యాసాల్లో ఈ రెండే తిరుగుతుంటాయి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయినా ఈ రెండు కథలతో జరిగింది అర్థం కాదు. యంత్రమే కారణమైతే రాట్నం మూలపడ్డ కాలంలో మగ్గం ఎలా నిలబడింది? రాతి నుంచి ఇనుము తీసే బట్టీలు ఆరిపోయిన కాలంలోనే ఊరి కమ్మరికి చేతినిండా పని ఎలా దొరికింది? కంసాలి కుటుంబాలు 1963లో ఒక్కసారిగా వీధిన పడ్డాయి. ఆ ఏడాది కొత్త యంత్రమేదీ రాలేదు.

ఒక్కో వృత్తిది ఒక్కో చరిత్ర. వాటన్నిటి వెనకా ఉమ్మడిగా ఉన్న సంగతి ఒకటుంది. పనికి ప్రతిఫలం ఎలా ముట్టేది, ముడిసరుకు మీద హక్కు ఎవరిది అన్న లెక్క అది. చాలా వృత్తుల్లో పనితనం పోకముందే ఆ లెక్క తెగింది. చేతివృత్తుల మీద మనం పడే బాధలో ఈ లెక్క ఎక్కడా కనిపించకపోవడం నాకు పెద్ద లోపంగా తోస్తుంది.

కల్లం మీద కొలిచిన కూలి

1800 నుంచి 1807 దాకా దత్తమండలాల (స్థూలంగా ఇప్పటి రాయలసీమ) కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, 1806లో అనంతపురం నుంచి ఒక నివేదిక పంపాడు. పన్నెండు మంది ఆయగాండ్రతో, అంటే ఊరికి పనిచేసి పంటలో వాటా పొందేవాళ్ళతో, ప్రతి ఊరూ ఒక చిన్న గణతంత్రంలా ఉంటుందని అందులో రాశాడు. 1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వెళ్ళిన ఐదో నివేదికలో ఊరి ఉద్యోగుల, వృత్తిదారుల జాబితా ఉంది. 1853లో భారతదేశం గురించి రాసిన కార్ల్ మార్క్స్ ఆ వర్ణననే ఉదహరించాడు. స్వయంసమృద్ధ గ్రామం అన్న భావన ఇలా కాగితాల మీద ప్రయాణించి, చివరకు మన సొంత జ్ఞాపకంలా స్థిరపడింది. పన్నెండు మంది ఎవరన్నది ప్రాంతాన్ని బట్టి కొద్దిగా మారేది. గ్రామపెద్ద, కరణం, పురోహితుడు, నీరుగంటి, తలారి ఒక వైపు. వడ్రంగి, కమ్మరి, కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ మరో వైపు. విజయనగర కాలం నాటికే ఈ ఏర్పాటు బలంగా ఉంది.

ఈ జాబితాలో సాలెవాడు లేడు. నూనె తీసే గాండ్లవాడు కూడా సాధారణంగా లేడు. బట్ట ఎప్పుడూ అంగడి సరుకే. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ 1611లోనే వర్తక స్థావరం పెట్టిందంటే, ఆ తీరంలోని నేతపని, అద్దకం అప్పటికే సముద్రాలు దాటిపోతున్నాయి కాబట్టే. నేతగాడు షావుకారు ఇచ్చే బయానా మీద బతికేవాడు, కల్లంలో వాటాగా కొలిచే మేర గింజల మీద కాదు. ఉప్పు, ఇనుము వంటివి చాలా ఊళ్ళకు బయటి నుంచే వచ్చేవి. ఏ ఊరూ ఒంటరి దీవిలా బతకలేదు. ఊరు తన సేద్యానికి రోజూ కావలసిన పనులను మాత్రమే ఆయం కింద కట్టి ఉంచుకుంది.

ఆ కట్టడి నడిచిన తీరు ఇది. వరి కోసి, కుప్ప నూర్చి, తూర్పారబట్టి, కల్లంలో రాశి పోశాక, రైతు తన గింజలు ఇంటికి చేర్చుకోకముందే ఆయగాండ్ర వాటాలు కొలిచేవారు. అదే మేర. వడ్రంగికీ కమ్మరికీ అది సాధారణంగా నాగలి లెక్కన ఉండేది. ఎన్ని నాగళ్ళ సేద్యమో అన్ని వంతులు. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. కుంచం పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది. ఈ గింజలకు బదులుగా ఏడాది పొడవునా నాగలి, గుంటక, గొర్రు, కాడి బాగుచేసి ఇవ్వాలి. కర్ర, ఇనుము, బొగ్గు రైతు తెచ్చుకోవాలి. కొత్త బండి కట్టినా, ఇంటికి ద్వారబంధాలు చేసినా దాని కూలి వేరు. పండక్కీ పెళ్ళికీ వచ్చే బట్టలు, బియ్యం, పప్పు వేరు. కొందరికి మాన్యం భూములు కూడా ఉండేవి.

ఏరువాకకు ముందు కొలిమి దగ్గర ఒక పూట నిలబడితే ఈ ఏర్పాటు ఎందుకు పుట్టిందో తెలిసేది. తొలకరి పడితే దుక్కికి దొరికే రోజులు కొన్నే. కిందటేడు రాళ్ళలో అరిగి మొద్దుబారిన కర్రు పట్టుకుని ఊళ్ళో రైతులందరూ ఒకేసారి వస్తారు. ఒకరు తిత్తి ఊదుతుంటే తుమ్మబొగ్గుల మధ్య కర్రు కొన ఎర్రబడి, పసుపు పచ్చకు తిరుగుతుంది. కమ్మరి దాన్ని పటకారుతో దాగలి మీదికి లాగి, ఎడమ చేత్తో తిప్పుతూ, కుడి చేతి చిన్న సుత్తితో ఎక్కడ కొట్టాలో తట్టి చూపిస్తాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి సరిగ్గా అక్కడే సమ్మెట దించుతాడు. తరచు ఆ సమ్మెట ఎత్తేది ఆ కర్రు తెచ్చిన రైతే, లేదా కమ్మరి ఇంటి ఆడమనిషే. మొన సాగాక తొట్టిలో ముంచుతారు. ఎంతసేపు ముంచాలన్నది కర్రు రంగు చూసి తేల్చుకోవలసిందే. ఎక్కువైతే పెళుసెక్కి తొలి చాలులోనే విరుగుతుంది, తక్కువైతే నాలుగు రోజులకే అరుగుతుంది.

జ్యేష్ఠమాసంలో రైతు చేతిలో డబ్బుండదు. పంట చేతికొచ్చేది నెలల తర్వాత. కాబట్టి ఆ వారం చేసిన పనంతా కమ్మరి రైతుకు ఇచ్చిన అప్పే, మేరతో ఆ అప్పు తీరేది. వాన లేక పంట పోతే ఇద్దరూ పస్తులే. వేరే ఊరి కమ్మరి వచ్చి పోటీ పడకుండా మిరాశీ హక్కు, అంటే వంశపారంపర్యంగా వచ్చే పని హక్కు, కాపలా కాసేది. అదే హక్కు, ధర పెంచే వీలు లేకుండా కట్టేసేది కూడా. మంచి పనివాడికీ సాదా పనివాడికీ నాగలికి అవే గింజలు. తెలివైన ఏర్పాటే, కానీ మంచి పనికి పైసా ఎక్కువ ఇవ్వని ఏర్పాటు.

దీన్ని ఆప్యాయతల వ్యవస్థగా చెప్పేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. కల్లం మీద ఎవరికి ముందు కొలుస్తారు, ఎవరికి నిండుగా కొలుస్తారు, ఎవరికి చివర ఊడ్పు గింజలు మిగులుతాయి అన్నది పనిని బట్టి తేలలేదు, కులాన్ని బట్టి తేలింది. చెప్పులు, తోలు పని చేసేవాడు ఊరికి ఎంత అవసరమో అంత దూరంగా ఉంచారు. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో ఈ ఏర్పాటు వెట్టిగా ముదిరింది. దేశ్‌ముఖ్ గడీకి కుమ్మరి కుండలు ఊరికే ఇవ్వాలి, చాకలి ఊరికే ఉతకాలి, మాదిగ ఊరికే చెప్పులు కుట్టాలి, అధికారులు వస్తే వంటావార్పూ చూడాలి. ఆంధ్రమహాసభ ఈ వెట్టి మీదే గొంతెత్తింది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో వృత్తికులాల వాళ్ళు పెద్ద ఎత్తున నిలబడటానికి ఇదో ముఖ్య కారణం. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను దక్కించుకున్న చాకలి ఐలమ్మ ఆ నేల బిడ్డే. వృత్తి వదిలేయడం ఆమె తరం వాళ్ళలో చాలామందికి ఊపిరి పీల్చుకోవడం. పాత వృత్తులు పోయాయని బాధపడేటప్పుడు ఈ మాటను పక్కన పెట్టే హక్కు మనకు లేదు.

యంత్రం ముంచింది ఎవరిని, నిలబెట్టింది ఎవరిని

ఇప్పుడు యంత్రం సంగతి. బట్ట తయారీ ఒక్క పని కాదు, పనుల గొలుసు. పత్తి ఏరాలి, గింజ తీయాలి, ఏకాలి, వడకాలి, పడుగు తోడాలి, గంజి పెట్టాలి, నేయాలి. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు నూలు దిగినప్పుడు ముందు తెగింది వడికే పని. అది ఏ ఒక్క కులానిదీ కాదు. ఇంటిపని ముగిశాక ఆడవాళ్ళు రాట్నం ముందు కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించుకునే పని. అందుకే ఆ నష్టం ఏ కుల చరిత్రలోనూ నమోదు కాలేదు, ఏ సంఘమూ దాని కోసం అర్జీ పెట్టలేదు. నేతగాడికి మాత్రం అదే మిల్లు నూలు ప్రాణం పోసింది. చవకగా, ఒకే సన్నంలో, ఎంత కావాలంటే అంత దొరికింది. 20వ శతాబ్దం మొదట్లో తాడు లాగితే నాడె దానంతటదే అటూ ఇటూ పరుగెత్తే ఫ్లై షటిల్ వచ్చి గుంటమగ్గం వేగం పెంచింది. మద్రాసు ప్రెసిడెన్సీలో దాని ప్రచారానికి పూనుకున్న అధికారి ఆల్ఫ్రెడ్ చాటర్టన్. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో ఇప్పటికీ 35 లక్షలకు పైగా చేనేత, అనుబంధ కార్మికులు ఉన్నారు. నేతగాడి కష్టాలు వేరే. మరమగ్గం పోటీ, నూలు ధర, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గర తీరని బాకీ. అయినా వడికే ఆడవాళ్ళలా అతను ఒక్క దెబ్బకు మాయం కాలేదు.

వడికే పని నిలిచిన చోటు ఒకటుంది, శ్రీకాకుళం జిల్లా పొందూరు. అక్కడి సన్న ఖాదీకి మొదటి పనిముట్టు వాలుగ చేప దవడ. సన్నటి పళ్ళ వరసలున్న ఆ ఎముకతో గింజకు అంటుకున్న దూదిని దువ్వుతారు. నలక పోతుంది, పోగులు ఒకే వైపుకు సర్దుకుంటాయి. తర్వాత గింజ తీసి, వింటితో ఏకి, ఏకులు చుట్టి, అవి నలిగిపోకుండా అరటి పట్టలో పెట్టుకుని వడుకుతారు. నూరో నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం) చేత్తో తీస్తారంటే వేళ్ళకు ఎంత స్పర్శ ఉండాలో ఊహించుకోవచ్చు. ఇది నిలవడానికి కారణం 1920ల నుంచి ఖాదీ ఉద్యమం ఒక కొనేవాణ్ణి తయారుచేసి పెట్టడం. ఆ ఊరి వేళ్ళలోని పనితనం వేరే ఊళ్ళలోనూ ఒకప్పుడు ఉండేది. కొనేవాడు మాత్రం పొందూరుకే మిగిలాడు.

ఇనుములోనూ ఇదే కథ. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 1820ల ప్రాంతంలో అక్కడికి వెళ్ళిన హెన్రీ వాయిసీ రాశాడు. రాతిఇనుము నుంచి లోహం తీసే ఆ బట్టీలకు గుట్టలకొద్దీ బొగ్గు కావాలి. ఇంగ్లండు ఇనుము చవకగా రేవుల్లో దిగాక వాటికి గిరాకీ పడిపోయింది. ఊరి కమ్మరికి మాత్రం ఇనుము సులభంగా, చవకగా దొరకసాగింది. అంతకుముందు కర్రతో సరిపెట్టుకున్న పనిముట్లకు ఇనుప తొడుగులు వచ్చాయి. ఇనుము తీసేవాడి నష్టం ఇనుము సాగగొట్టేవాడికి లాభమైంది.

ఎడ్లబండిని చూడండి. అనాదిగా ఉన్నదని మనం అనుకునే, ఇనుప పట్టా వేసిన, ఆకులు (మధ్య దిమ్మ నుంచి అంచుకు పోయే కర్రలు) ఉన్న చక్రాల బండి ఊరూరా పెరిగింది ప్రధానంగా 19వ శతాబ్దంలో, రోడ్లు పడ్డాక. అంతకుముందు దూరప్రాంతాల సరుకు ఎక్కువగా లంబాడీల పెరిక ఎద్దుల (వీపు మీద సంచులు మోసే ఎద్దుల) మీద నడిచేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. డెల్టాలో పంట పెరిగింది, రైలు స్టేషన్లు వచ్చాయి, ధాన్యం స్టేషన్ దాకా మోయడానికి బండ్లు కావలసి వచ్చాయి. లంబాడీల సరుకు రవాణా దెబ్బతింది. వడ్రంగికీ కమ్మరికీ అది మంచి కాలం. మన తాతలు చూసి మురిసిన వడ్రంగి వైభవం చాలావరకు కాలువలూ రైళ్ళూ తెచ్చిపెట్టినది.

ఆ బండి చక్రం చేయడం ఇద్దరి విద్య కలిస్తేనే అయ్యే పని. వడ్రంగి మధ్య దిమ్మకు రంధ్రాలు తొలిచి, ఆకులు దిగగొట్టి, వాటి కొనలకు వంపు చెక్కలు తొడిగి చక్రం నిలబెడతాడు. అప్పటికి అది వదులుగానే ఉంటుంది. కమ్మరి ఇనుప పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువగా వంచి అతుకుతాడు. ఎంత తక్కువ అన్నదే అసలు విద్య. నేల మీద పిడకలు, కట్టెలు గుండ్రంగా పేర్చి ఆ పట్టాను ఎర్రగా కాలుస్తారు. వేడికి అది సాగుతుంది. నలుగురు పటకార్లతో పట్టుకొచ్చి, పడుకోబెట్టిన చక్రం మీద దించి, చుట్టూ సమ్మెటలతో కొడతారు. చెక్క అంటుకుని పొగ లేస్తుంది. వెంటనే కుండలతో నీళ్ళు గుమ్మరిస్తారు. పట్టా ముడుచుకుంటూ లోపలి కీళ్ళన్నిటినీ ఒకేసారి బిగిస్తుంది. మేకు లేదు, జిగురు లేదు. పట్టా మరీ బిగువైతే ఆకులు వంగిపోతాయి, వదులైతే ఎండాకాలంలో చెక్క ఎండినప్పుడు దారిలోనే ఊడిపోతుంది.

మట్టి, కర్ర, తోలు

కుమ్మరిని కూడా ఒక్క దెబ్బ ముంచలేదు. ముందు పోయింది ఇంటికప్పు. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది. సారె (కుమ్మరి చక్రం) మీద చేసిన గూనపెంకుల స్థానంలోకి ఆ అచ్చుపెంకులు క్రమంగా వచ్చాయి. తర్వాత వంటిల్లు. 19వ శతాబ్దం చివర్లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టింది, పైన చెప్పిన చాటర్టనే. ఒకే అధికారి ఉద్యోగ జీవితంలో ఒక ప్రయత్నం మగ్గానికి ఊతమైతే మరొకటి సారెకు పోటీ అయింది. తర్వాత స్టీలు, ఆ తర్వాత ప్లాస్టిక్ బిందె. “కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు” అన్నారు. ఆడవాళ్ళు నీళ్ళు మోసుకునే దూరాల్లో కుండ పగలడం, అది బరువుగా ఉండటం చిన్న కష్టాలు కావు. ప్లాస్టిక్ బిందెను ఎంచుకున్న ఇల్లాలిని తప్పుపట్టలేం. కుమ్మరికి మిగిలింది ఎక్కువగా ఆచారాల గిరాకీ: పెళ్ళికి ఐరేని కుండలు, బోనాలకు కుండలు, దీపావళికి ప్రమిదలు, చావుకు కుండ. వంటింట్లోంచి పోయిన పని పూజలో నిలిచింది. ఏడాదిలో కొన్ని వారాలే సాగే గిరాకీ అది. మిగతా నెలలు ఎలా గడవాలన్నదే ఆ ఇంటి సమస్య.

గిరాకీ ఉన్నా సరుకు లేక నలిగినవాళ్ళు మేదరులు. తట్టలు, బుట్టలు, చేటలు, గాదెలు ఊరికి అక్కరలేకుండా పోలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారు సొత్తయింది. వెదురు బొంగుకు, బొగ్గుకు, నాగటి కర్రకు అనుమతి, రుసుము, గార్డు మొదలయ్యాయి. కొలిమికి బొగ్గు, కుండలు కాల్చే ఆవానికి కట్టె ఖర్చు కిందికి వచ్చాయి. వెదురు శాస్త్రప్రకారం గడ్డిజాతి మొక్క. చట్టంలో మాత్రం అది చాలాకాలం చెట్టుగానే ఉండేది. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితా నుంచి తీసేసింది 2017లో. మేదరి చేతి కత్తికి ఏ యంత్రమూ పోటీ రాకముందే కాగితం అడ్డం నిలిచింది.

తోలు పనిలో మూడు సంగతులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మోటబావుల కాలంలో నీళ్ళు తోడే తోలు సంచి, దాని తొండం, పగ్గాలు మాదిగ చేతిపనే. అది చిరిగితే ఆ రోజు తడి ఆగినట్టే. 19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు రేవు నుంచి తంగేడు బెరడుతో ఊనిన (పదును చేసిన) తోళ్ళ ఎగుమతి బాగా పెరిగింది. తోలుకు బయట ధర పలకగానే వర్తకులు ఊళ్ళ నుంచి పచ్చితోళ్ళు కొనుక్కుపోయారు. ఊనే పని పట్నాల టానరీలకు చేరింది. ఊళ్ళో చచ్చిన పశువు తోలు మీద ఎవరికి హక్కు అన్న తగాదా మొదలైంది. తర్వాత ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చి మోటనే తీసేశాయి. వీటికి తోడు, చచ్చిన పశువును ఈడ్చే పని ఇక చేయమని చెప్పడం ఆత్మగౌరవ పోరాటంలో భాగమైంది. ఈ చివరిదాన్ని పతనం అనడానికి నాకు నోరు రాదు. అది పనివాడు తీసుకున్న నిర్ణయం.

కంసాలి విషయం వేరు. చైనా యుద్ధం తర్వాత విదేశీ మారకం కరువై, 1963 జనవరిలో కేంద్రం బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చింది. అప్పటి ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్. 14 క్యారెట్లు మించిన బంగారంతో కొత్త నగలు చేయకూడదన్నారు. ఆ రాగి కలిసిన బంగారాన్ని మన ఇళ్ళలో ఎవరు కొంటారు? దేశమంతటా స్వర్ణకారులు రాత్రికి రాత్రి పని లేనివాళ్ళయ్యారు. తర్వాత సడలింపులు వచ్చాయి, 1968లో చట్టమూ వచ్చింది, 1990లో అది రద్దయింది. అప్పటికి ఒక తరం పిల్లలు కుంపటి వదిలేశారు. ఆ పైన వచ్చిన పెద్ద నగల దుకాణాలు మిగిలిన పనివాళ్ళను ముక్కకింత కూలికి కుదుర్చుకున్నాయి.

కల్లం లేని పంట

మళ్ళీ మేర దగ్గరికి వద్దాం. మేర తెగడానికి ట్రాక్టరు దాకా ఆగనక్కరలేదు. 1920ల నుంచి గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు, రాయలసీమలో వేరుశనగ, నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప పెరిగాయి. పొగాకు, దాన్ని ఆరబెట్టే బ్యారన్ నుంచి బేళ్ళుగా కంపెనీకి వెళుతుంది. పత్తి బోరాల్లో మిల్లుకు వెళుతుంది. వాటికి కల్లం లేదు, తినడానికి పనికొచ్చే రాశి లేదు. కాబట్టి కుంచంతో కొలిచి ఇచ్చే సందర్భమే లేదు. రైతు చేతికి డబ్బు వచ్చింది, అది ముందు షావుకారు బాకీకి పోయింది. పాత లెక్కలో ఆయగాడి వాటా అందరికంటే ముందు తీసేది. కొత్త లెక్కలో అతను బాకీదారుల వరసలో చివర నిలబడ్డాడు. నా దృష్టిలో చేతివృత్తుల చరిత్రలో పెద్ద మలుపు ఇదే. ఎవరూ ప్రకటించలేదు, ఏ చట్టమూ చేయలేదు. పంట మారింది, దాంతో పాటు వరస మారింది.

1960ల రెండో సగంలో కొత్త వరి వంగడాలు, ఎరువులు, కూలీకి రోజువారీ డబ్బు, ఇనుప నాగళ్ళు వచ్చాయి. బండికి బేరింగులు, రబ్బరు టైర్లు వచ్చాక పట్టా కాల్చే పని పోయింది, వడ్రంగికి పై తొట్టి మిగిలింది. ట్రాక్టరు ట్రక్కు వచ్చాక అదీ పోయింది. నాగళ్ళు తగ్గేకొద్దీ నాగలి లెక్కన వచ్చే మేర తగ్గింది. మేర తగ్గేకొద్దీ పనివాడు ఊళ్ళో ఉండటం తగ్గింది. పనివాడు దొరకనప్పుడు మిగిలిన రైతులు కూడా ఎడ్లు అమ్మేశారు. ఈ చక్రంలో ఏది ముందు, ఏది వెనక అని తేల్చడం కష్టం. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులు రద్దు చేయడంతో ఆయగాండ్ర జాబితాలో పైవరస కూడా ముగిసింది.

ఇప్పుడు ఎక్కడున్నారు

ఈ వృత్తుల వాళ్ళు మాయమైపోయారని అనుకోవడం పొరపాటు. మండల కేంద్రంలో వెల్డింగ్ షాపు నడిపే మనిషి తాత కొలిమి మనిషి అయి ఉండే అవకాశం ఎక్కువ. ట్రాక్టరు కల్టివేటరు నాగళ్ళకు మొనలు అతికేది అతనే, బొగ్గు బదులు కరెంటుతో. వడ్రంగి నగరాల్లో తలుపులు, కిచెన్ అల్మారాలు చేస్తున్నాడు, చాలామంది గల్ఫ్ దేశాలకూ వెళ్ళారు. క్షురకుడికి సెలూన్ వచ్చింది. మనుషుల చేత తప్పనిసరిగా చేయించుకోవలసిన సేవలు డబ్బు లెక్కలోకి సులభంగా మారాయి. వస్తువులు చేసేవాళ్ళకు ఫ్యాక్టరీ పోటీ తగిలింది. ఈ తేడా గమనించకుండా అన్ని వృత్తులకూ ఒకే మందు రాసే పథకాలు అందుకే సగం పనిచేస్తాయి, సగం పనిచేయవు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1990ల చివర ఆదరణ పథకం కింద వృత్తిదారులకు కొత్త పనిముట్లు పంచారు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, రెండు విడతల్లో 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు, అన్నీ కలిపి కేటాయింపు 13,000 కోట్లు. అప్పు దొరకడం మంచిదే, ఇన్నాళ్ళూ ఆ గుమ్మం దగ్గరికి కూడా రానివ్వని బ్యాంకు ఇప్పుడు కాగితం తీసుకుంటోంది. మరి కుమ్మరికి కరెంటు సారె ఇచ్చి, చెరువు మట్టి తెచ్చుకోవడానికి అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ తిప్పితే ఆ సారె దేనికి? పాత ఏర్పాటులో ఎంత అన్యాయం ఉన్నా, చెరువు మట్టి ఎవరిది, తుమ్మకర్ర ఎవరిస్తారు, చేసిన పని ఎవరు కొంటారు అన్న ప్రశ్నలకు జవాబు ముందే ఉండేది. ఇప్పటి పథకాలు పనివాడి చేతిలో పనిముట్టు పెట్టి, ఆ మూడు ప్రశ్నలూ అతనికే వదిలేస్తున్నాయి.

బొమ్మల పనిలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కర్రే కావాలి. తేలికగా ఉండి, చెక్కితే చీలకుండా వచ్చేది అదే. ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు కర్ర కావాలి. రెంటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. నకిలీ సరుకుకు ఆ పేరు పెట్టి అమ్మకుండా అడ్డుకోవడానికి అది పనికొస్తుంది. చెట్టును మాత్రం అది పెంచలేదు. వరాహ నది పక్కన ఏటికొప్పాకలో బొమ్మల తయారీదారులు మళ్ళీ చెట్టు బెరళ్ళ, గింజల రంగులకు తిరిగారు, పిల్లలు నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేని బొమ్మలని కొత్త కొనుగోలుదారులు వచ్చారు. అక్కడ ఇప్పుడు గిరాకీ కంటే కర్రే పెద్ద బెంగ. పొణికి, అంకుడు నాటడానికి అటవీశాఖ కొంత నేల చూపించి, కోసుకునే హక్కు పనివాళ్ళ సంఘానికి రాతపూర్వకంగా ఇస్తే, దాని ఫలితం ఎన్నో ప్రదర్శనల కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

కొనుగోలు సంగతి కూడా అంతే. బడుల్లో తాగునీటి కుండలు, అంగన్‌వాడీల్లో లక్కబొమ్మలు, గుడుల్లో ప్రమిదలు, ప్రభుత్వ అతిథిగృహాల్లో చేనేత దుప్పట్లు ఏటా ఎన్ని కావాలో ముందే తెలిసిన లెక్కలే. వాటికి సంవత్సరం మొదట్లో బయానా ఇచ్చి, సరుకు అందిన నెలలో మిగతాది చెల్లిస్తే, ఆ ఇంటి పిల్లలు పని నేర్చుకోవాలో వద్దో తేల్చుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అప్పుడు కూడా వాళ్ళు వద్దనుకోవచ్చు. చదువుకుని వేరే దారి పట్టవచ్చు. వేరే కులాల పిల్లలు, ఆడపిల్లలు వచ్చి సారె ముందు కూర్చోవచ్చు. ఆ తలుపు తెరవాలంటే శిక్షణ కేంద్రాల్లో తండ్రి వృత్తి ఏమిటని అడగడం ముందు మానాలి.